మరీ బుద్ధిగా ఉన్న మట్టి

ప్రయోగశాలలో ఆయన్ని అందరూ మట్టిమామయ్య అంటారు. ఇరవై రెండేళ్లుగా మట్టిని హింసించడమే ఆయన ఉద్యోగం. రైలుకట్ట వేయబోయే చోట గొట్టంతో తీసిన ఒండ్రుమట్టి ముక్కకు రబ్బరు తొడుగు వేసి, నీళ్లు నిండిన గాజుగదిలో నిలబెట్టి, యంత్రం చేత పదివేలసార్లు నెత్తిన మొట్టించాలి. మట్టి నిలిస్తే రైళ్లు నడుస్తాయి. ఇంతటి తీర్పులు చెప్పే మనిషి ఇంట్లోవాళ్లు చెప్పిన కూరగాయలు మాత్రం ఒక్కరోజూ సరిగ్గా తేలేదు.

ఏడువేల మొట్టికాయలు పడ్డాయి. తెరమీద మట్టిలోని నీటి ఒత్తిడి చూపే గీత పైకి లేవకుండా నిద్రపోతోంది.

"ఎంతదాకా వచ్చింది మామయ్యగారూ? నాలుగింటికల్లా రైల్వేవాళ్లకి ఫలితం పంపాలి, ప్రాణాలు తోడేస్తున్నారు" అంది ఇంజనీరమ్మాయి.

"మట్టి మరీ బుద్ధిగా ఉందమ్మా."

"మంచిదేగా!"

"మా అల్లుడూ మొదటి నెల ఇంత బుద్ధిగానే ఉన్నాడు."

నవ్వుతూనే వంగి చూశాడు. కింది కుళాయి కాస్త తెరిచే ఉంది. మొట్టే ముందు దాన్ని మూయాలి. లేకపోతే మట్టిలోని నీళ్లు బయటికి జారుకుని, మెత్తబడాల్సిన మట్టి గట్టిగా నటిస్తుంది. మూసినట్టు కాగితం మీద టిక్కు ఉంది. టిక్కులన్నీ పొద్దున్నే పెట్టేసి, పనులు తీరిగ్గా చేసుకోవడం ఆయన కనిపెట్టిన సౌకర్యం.

ఇంకో మూడువేల లోపు దెబ్బలు ఊరుకుంటే మట్టి పాసవుతుంది. ఆయన చెయ్యి చొక్కాకు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, యంత్రం ఆపేశాడు.

"కరెంటు పోయిందా?"

"నా పరువు పోయిందమ్మా. కుళాయి మూయలేదు. ఈ అంకెలు పనికిరావు."

ఆమె స్టూలు మీద కూలబడింది. "చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు" అంది, తనలో తనే అన్నట్టు.

"మొదటి వానకి కట్టే చెప్పేది."

"మిగిలింది ఒక్క ముక్కే! అదీ చెడితే మళ్లీ తవ్వమని నేనే అడగాలి. వాళ్లు నన్నే పాతేస్తారు."

తిట్టాల్సినంత తిట్టి, గడువు కోసం ఫోన్లో బతిమాలుకుంది. నాలుగు రోజులకు ఆ ఆఖరి ముక్క తడిసి, కుదురుకుని, సిద్ధమైంది. ఈసారి కుళాయి ఆమె మూసింది, ఆయన తడిమి చూశాడు, ఆ తర్వాతే టిక్కు పెట్టాడు.

యంత్రం మొట్టడం మొదలుపెట్టింది. గీత మెల్లగా పైకి లేచింది. లేవాల్సిందే, మరీ లేస్తే మాత్రం మట్టి మెత్తబడి కూలినట్టే. ఎక్కడ ఆగుతుందన్నదే తెలియక, ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు.