తాతగారి టగ్గు గుంజిన ఆఖరి ఓడ

ఆ రోజుల్ల అశోక్‌నగర్ల ఉండి సర్కారు కొలువు కోసం చదివినోళ్లను ఎవరినన్న అడుగుండ్రి, పేపరు కన్న గేటు భయమే ఎక్కువంటరు. నిమిషం లేటైతే లోపలికి పోనియ్యరు, ఏడాది చదువు బయటనే! నాకు దాంతోపాటు ఇంటి ఓనరు తాతగారి భయం సుత ఉండేది. ఆయనది విశాఖపట్నం. వాళ్ల నాయన రెండో ప్రపంచ యుద్ధంల ఒక టగ్గుల బొగ్గేసెటోడట. టగ్గంటే, దెబ్బతిన్న పెద్ద ఓడలకు మోకు కట్టి రేవుకు గుంజుకొచ్చే చిన్న ఓడ. నల్లా కాడ ఆయనకు దొరికినమా, అయిపాయె! బకెట్ నిండి పొర్లేది, టగ్గు మాత్రం నడిసముద్రంలనే ఉండేది. "ఒక్క గుండు పేల్చలేదయ్యా మా టగ్గు. అందరూ రేవుకి పారిపోతుంటే అది ఎదురెళ్లేది. మోకు కట్టాక ఏ ఓడనీ వదల్లేదు!" అనెటోడు. (మమ్ముల సుత వదలకపోయేది.)

పరీక్ష రోజు పొద్దున నా బండి మొండికేసింది. వానకు ఆటోలు లేవు. సెంటరేమో నారాయణగూడ అవతల. నాకు ఏడుపొక్కటే తక్కువ. తాతగారు స్కూటర్ తీసిండు. "ఎనకనుంచి నా బండికి కాలు పెట్టి నూకుండ్రి తాతగారూ, చాలు" అన్న. మన హైదరాబాద్ల అందరం చేసేది గదే గద. ఆయనకు కోపమొచ్చింది. "నెట్టడమా? లాగాలయ్యా!" అని వరండాల దండెం తాడు ఇప్పిండు. (వాళ్లింటి అమ్మమ్మగారు తడిబట్టలు పట్టుకొని తిడుతనే ఉంది.) "తాడు బిగిస్తే తెగుద్ది, కాస్త వదులుండాలి" అనుకుంట నా బండిని స్కూటర్ ఎనక కట్టిండు. చిక్కడపల్లి చౌరస్తల ట్రాఫిక్ పోలీసాయన విజిల్ ఊదుడు మరిచిపోయిండు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆ ముసలి స్కూటర్ మూలిగిన మూలుగు నాకింకా యాదికుంది. తాతగారు మాత్రం ఎనకకు తిరిగి, "భయపడకు, రేవొచ్చేసింది!" అని ఒర్రుతనే ఉండె.

గేటు మూసుకుంట మూసుకుంట వాచ్‌మన్ మమ్ముల చూసి ఆగిండు. "ఏంది అన్నా, సార్ స్కూటర్ ఎనక కూసుంటే అయిపోతుండె గద?"

అరె! ఆ ముచ్చట ఇద్దరికీ తట్టలే. తాతగారి మొఖం చిన్నబోయింది. నాకు పానం ఆగలే. "గట్లెట్ల అన్నా, ఓడను నడిసముద్రంల ఇడిశి వస్తరా ఎవరన్న?" అని లోపలికి ఉరికిన.

ఆ పరీక్ష తప్పిన. రెండేళ్లకు ఇంకో కొలువొచ్చింది. మొన్న చూసిపోదామని పోతే, తాతగారు గడప కాడ కూసొని, కొత్తగ దిగిన ఇద్దరు పోరగాండ్లను నిలబెట్టుకొని ఉన్నడు. నన్ను చూడంగనే లేచి, నా చెయ్యి గట్టిగ పట్టుకొని, వాళ్లతోని "చెప్పలా? ఆ ఓడ ఇదిగో!" అన్నడు.

నవ్వొచ్చింది, కండ్లు తడైనయ్. బొజ్జ లోపలికి గుంజుకొని, ఓడ లెక్క నిటారుగ నిలబడ్డ.