నొప్పి తెలియని పాదాలు

మీ తాత కాలు ఎందుకు తీసేశారని మొన్న ఫోనులో అడిగావు. ఆయన పక్కనే ఉన్నాడు కాబట్టి షుగరు అని మాత్రం చెప్పాను. షుగరు నిజమే. కానీ షుగరున్న వాళ్ళందరికీ కాళ్ళు పోవు కదా నాయనా.

ఏటా ఆడి నెలలో వచ్చే ఆడికృత్తిక పండక్కి తాత ఆర్.కె.పేట నుంచి తిరుత్తణి కొండకు కావడి ఎత్తుకుని నడిచేవాడు. పసుపుబట్ట, పూల కావడి, చెప్పులు లేని కాళ్ళు. మా పెళ్ళికి ముందునుంచీ ఉన్న మొక్కు అది. కాలు పోయిన ఏడు ఎండ మరీ ఎక్కువ. తారు మెత్తబడి అరికాళ్ళకు అంటుకుంటోంది. కావడి ఎత్తినవాళ్ళంతా గెంతుతూ, రోడ్డు వారన గడ్డి వెతుక్కుంటూ నడుస్తున్నారు. తాత మాత్రం నడిరోడ్డు మీద, ఇంటి వసారాలో తిరిగినట్టు నిదానంగా పోతున్నాడు.

"సూడండప్పా, మామకు సుర్రుమనేదే లే! సామి పూల మీద నడిపిస్తా ఉండాడు!" అని మా ఆడపడుచు కొడుకు అరిచాడు. "అరోహరా!" అని జనం కేక. కొందరు వచ్చి తాత పాదాలు తాకి కళ్ళకద్దుకున్నారు.

వెనక నడుస్తున్న నాకు చెప్పులున్నా కాళ్ళు మండుతున్నాయి. పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే చెయ్యి తనంతట తానే వెనక్కొస్తుంది. రాకపోతే గిన్నె చల్లగా ఉందనుకుంటామా, చేతికేదో అయిందనుకుంటామా?

నీళ్ళపందిరి దగ్గర ఆయన్ని ఆపాను.

"ఏమయ్యా, ఒక్క తూరి కాలెత్తు. అరికాలు సూస్తా."

"నాకేమీ నొప్పి లేదే."

"అందుకే సూస్తానంటా ఉండేది."

మా ఆడపడుచు నా చెయ్యి పట్టి లాగింది. "కావడి భుజాన ఉండంగా ఆపతారా వొదినా? మొక్కిన వేండుదల చెడిపోతే ఎవురికి పాపం? సామి కంటే నీకు ఎక్కువ తెలుసునా?"

తాత నవ్వి నడిచాడు. కొండమెట్లన్నీ ఎక్కాడు. ఇంగితం అందరి దగ్గరా ఉండే వస్తువనుకుంటాం. ఆ రోజు అంత జనంలో ఎవరి దగ్గరా దొరకలేదు.

ఇంటికొచ్చాక కాళ్ళు కడుగుతుంటే కుడి అరికాలి తోలు నా చేతిలోకి ఊడొచ్చింది. ఆస్పత్రికి పోదామన్నాను. వినలేదు. కొండ విభూతి పసుపులో కలిపి పూసి, గుడ్డ కట్టారు. చూడవచ్చిన ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే. "నొప్పి ఉండాదా?" ఆయన లేదనేవాడు. "ఇంకేమి మరి!" అనేవాళ్ళు. వాళ్ళలో చదువుకున్న వాళ్ళున్నారు, చదువులేని వాళ్ళూ ఉన్నారు. వాసన మొదలయ్యాక కూడా నొప్పి లేదు. జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడిపోయాకే కారు పిలిచారు. తిరువళ్ళూరు ఆస్పత్రిలో మోకాలి కింద తీసేశారు.

ఇప్పుడు పలకరించవచ్చే వాళ్ళు, "పోవాల్సిన పానం కాలితో పోయింది, సామి కాపాడినాడు," అంటారు. తాత తలూపుతాడు. వచ్చే ఆడికి ఆటోలో కొండెక్కి గుండు చేయించుకుంటాడట. నేను వాదించను.

పొద్దున్నే ఆయన పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని, మిగిలిన కాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళసందులు చూస్తాను. ఈ రోజు మడమ మీద గోటితో గిల్లాను, ఎర్రగా గుర్తు పడేంత గట్టిగా.

"కాఫీ యాడే?" అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండా.