పంతొమ్మిదో బొమ్మలో ముఖం

రామతులసి సింగ్‌నగర్‌లో జాకెట్లు కుడుతుంది. ఆమె భర్త బసవయ్య ఒకప్పుడు గాంధీనగర్ థియేటర్లకు సినిమా బ్యానర్లు వేసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక, మిగిలిన బ్యానరు గుడ్డ మీద తనకొచ్చిన కలలు వేయడం మొదలుపెట్టాడు. ఒక బొమ్మలో బ్యారేజీ గేట్లలోంచి కుట్టుమిషన్లు కిందికి దూకుతుంటాయి. ఇంకో బొమ్మలో రైలింజనుకు గేదె కాళ్లుంటాయి. ఇదేమిటని అడిగితే నిద్రలో కనబడిందనేవాడు. పంతొమ్మిది బొమ్మలు వేసి, గుండెపోటుతో పోయాడు. వాటిని ఎవరూ కొనలేదు. రామతులసి చుట్టచుట్టి మంచం కింద దాచుకుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇంట్లోకొచ్చింది. అన్న కొడుకు నాగబాబు ఆమెను పడవెక్కించి తీసుకెళ్లాడు. వారం తర్వాత తిరిగొచ్చి, చుట్టలు విప్పి డాబా మీద ఆరేసింది. చాలావరకు నిలిచాయి. పంతొమ్మిదోదానిలో మాత్రం, నీళ్ల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్న ఆడమనిషి ముఖం పెచ్చులూడిపోయింది. అలా చూడలేక, పోస్టర్ కలర్లు కొనుక్కొచ్చి గుర్తున్నంతలో తనే వేసింది. ఏళ్ల తరబడి భర్తకు రంగులు కలిపిచ్చిన మనిషి కావడంతో అతుకు తెలియలేదు.

మరుసటి ఏడాది నాగబాబు ఫోన్లో ఒక ప్రకటన చూశాడు. అధివాస్తవిక చిత్రాలను కాపాడుతున్నవాళ్లకు ఒక ట్రస్టు పురస్కారంతో పాటు నిధులిస్తుందట. అధివాస్తవికమంటే ఏమిటని రామతులసి అడిగితే, కలలో కనబడ్డట్టుండేవి, మామయ్య వేసినవాటిలాంటివేనని చెప్పి దరఖాస్తు నింపాడు. బొమ్మల్లో మార్పులేమైనా చేశారా అన్న చోట ‘లేదు’ అని కొట్టాడు. ఆమె చూసి కూడా ఊరుకుంది.

ట్రస్టు తరఫున సింధూరి వచ్చింది. పాత చిత్రాలను బాగుచేయడం ఆమె వృత్తి. ఒక్కో బొమ్మా పరిచి చూస్తూ, చివరిదాని దగ్గర చాలాసేపు ఆగింది.

“అన్నిటికన్నా ఇదే బాగుందండీ. ఈ ముఖం ఎంత బాగా వేశారో ఆయన.”

నాగబాబు తలూపాడు. రామతులసి ముందుకు జరిగి ఆ ముఖం చూపించింది.

“అది ఆయన వేసింది కాదమ్మా. వరదకి పోతే నేనేశాను. దరఖాస్తులో అబద్ధం రాశాం.”

సింధూరి అది రాసుకుని వెళ్లింది. నెల దాటినా కబురు లేదు. నోటిదాకా వచ్చింది పోగొట్టుకున్నావత్తా అని నాగబాబు విసుక్కున్నాడు. ఆ తర్వాత ఉత్తరం వచ్చింది. పురస్కారం ఇస్తున్నారు, కాని పద్దెనిమిదింటికే. కొత్త ముఖం తీసేయడానికి ఒప్పుకుంటే పంతొమ్మిదోదాన్నీ చేర్చుకుంటారు.

రామతులసి రెండ్రోజులు ఆలోచించి సింధూరికి ఫోన్ చేసింది.

“తీసెయ్యమ్మా. ఆయన పేరు పెట్టినచోట ఆయన చెయ్యే ఉండాలి.”

సింధూరి వచ్చి, మొదట ఆ ముఖాన్ని ఫొటో తీసి, నీళ్లకు కరిగే ఆ పోస్టర్ కలర్లను మాత్రం తడి దూదితో కొద్దికొద్దిగా తుడిచింది. రామతులసి కాసేపు పక్కనే కూర్చుంది గాని, బొమ్మలో కళ్లు చెరిగిపోతుంటే చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. టీ పెట్టుకుని తిరిగొచ్చేసరికి గుడ్డ మీద ఒక కనుబొమ్మ, గడ్డం అంచు మిగిలాయి. రెండూ బసవయ్య గీసినవే. ఆమె వాటిని వేలితో తాకబోయి, తడిగా ఉందని ఆగింది.

మొన్న మంగళగిరిలో ఒక హాల్లో ఆ బొమ్మలన్నీ ప్రదర్శనకు పెట్టారు. ఈ మనిషికి ముఖం లేదేమని ఒకావిడ అడిగింది. వరద సంగతీ, తాను వేసిన సంగతీ, తీయించిన సంగతీ రామతులసి మొత్తం చెప్పింది. ఆవిడ మళ్లీ వెనక్కి వెళ్లి, మిగిలిన ఆ కనుబొమ్మనీ గడ్డం అంచునీ చూస్తూ బొమ్మ ముందు నిలబడింది.