తిరుగుటపా గారి రెండో కుర్చీ

విమానాశ్రయం టవర్‌లో ఆయన్ని అందరూ తిరుగుటపా అనేవారు. ఎదురుగా ఉంటే చివర ‘గారు’ చేర్చేవారు, అంతే తేడా. ఆయన చెప్పినదానికి ఎవరైనా ‘సరే’ అని ఊరుకుంటే ఆయనకి ఒళ్ళు మండేది. చెప్పిన మాటను ఎదుటివాడు తన నోటితో పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. అలా చెబితేనే మాట చేరినట్టు.

నిజానికి ఆ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, ఉద్యోగానిదే. కంట్రోలరు ‘రన్‌వే ముందు ఆగండి’ అంటే, పైలట్ తన విమానం నంబరు చెప్పి ‘రన్‌వే ముందు ఆగుతున్నాను’ అనాలి. మిగతావాళ్ళు డ్యూటీ దిగగానే హెడ్‌ఫోన్‌తో పాటు ఈ పద్ధతిని కూడా కొక్కేనికి తగిలించి ఇంటికి పోయేవారు. ఈయన మాత్రం వెంటబెట్టుకుని వెళ్ళేవారు.

క్షౌరశాలలో కూర్చుని, “వెనక కాస్త తగ్గించు, పక్కల జోలికి పోకు” అనేవారు. మంగలి “సరే సార్” అన్నాడా, కత్తెర పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోవాల్సిందే. “ఏం చెప్పాను?” అని అద్దంలోంచి అడిగేవారు. కొన్నాళ్ళకి ఆ మంగలి తెలివిమీరి, ఆయన నోరు విప్పకముందే వెనకా పక్కలా అప్పజెప్పేసేవాడు. దానికీ ఒప్పుకోలేదు ఈయన. “నేను చెప్పకుండానే తిరిగి చెబితే దాన్ని ఊహించడం అంటారు. ఊహించేవాడి చేతిలో కత్తెర ఉండకూడదు” అన్నారు.

ఇంట్లో ఆవిడ ఆయనకి సరిజోడు.

“సాయంత్రం ఆలస్యమవుతుంది. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళు.”

“సరే.”

“సరే కాదు. ఏం చెప్పాను?”

“సాయంత్రం మీకు ఆలస్యమవుతుంది. తాళంచెవి పక్కింట్లో ఇవ్వాలి. ముప్పైరెండేళ్ళుగా నా బతుకిలా తెల్లారుతోంది.”

“చివరిది నేను చెప్పలేదు.”

“అది నేను చెప్పాను. తిరిగి చెప్పండి.”

ఆయన బుద్ధిగా తిరిగి చెప్పి, సంచీ తీసుకుని బయల్దేరారట.

పైలట్లకైతే ఆయన గొంతు వినపడగానే నీరసం వచ్చేది. ముఖ్యమైన ఆదేశం తిరిగి చెప్పడం సరే, గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పినా ఆయనకి అప్పజెప్పాల్సిందే. ఒక పెద్ద పైలట్ విసిగిపోయి, “మీరు శుభోదయం అన్నారు, నేను శుభోదయం అంటున్నాను, ఇక దిగమంటారా?” అని అడిగాడు. “నంబరు చెప్పలేదు మీరు” అన్నారు తిరుగుటపా గారు. ఆ ముక్క నెలరోజులపాటు క్యాంటీన్‌లో చెప్పుకున్నారు.

ఈ కథలన్నీ చేతులు తిప్పుతూ, గొంతు మార్చి చెప్పి నవ్వించేది కొత్తమ్మాయి. ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్ళయినా, చెవి పక్కన రెండు తెల్లవెంట్రుకలు వచ్చినా, ఆవిడ పేరు కొత్తమ్మాయే. నవ్వించేది కానీ ఆ నవ్వులో చేదు ఉండేది. దానికి కారణం ఒక ఉత్తరం.

టవర్ కిటికీ ముందు రెండు కుర్చీలు ఉండేవి. ఒకటి నేలమీద తిరిగే విమానాలతో మాట్లాడేవారికి, ఇంకొకటి గాల్లో ఉన్నవాటితో మాట్లాడేవారికి. అయిదేళ్ళ కిందట రెండో కుర్చీలోని మనిషి రిటైరైతే ఆ చోట మళ్ళీ ఎవర్నీ వెయ్యలేదు. మధ్యాహ్నం పూట రెండు మైకులూ కొత్తమ్మాయికే అంటగట్టారు. కొన్నాళ్ళకి ఆ కుర్చీలో గొడుగులు పెట్టుకోవడం అలవాటైంది. అప్పట్లోనే ఒకరోజు తిరుగుటపా గారి బల్లమీద, పెద్దలకి రాస్తున్న ఉత్తరంలో తన డ్యూటీ వేళలూ, ఏ నిమిషంలో ఎంతమందితో మాట్లాడిందో ఆ లెక్కా ఆమె కంటబడ్డాయి. షిఫ్టు పెద్ద ఆయనే. తనమీద ఫిర్యాదు రాస్తున్నాడన్నమాట ఈ ముసలాయన అనుకుంది. అడగలేదు. ఆ రోజు నుంచీ ఆయన చెప్పినవన్నీ ముఖం ముడుచుకుని అప్పజెప్పేది. ఆయన నెలకో ఉత్తరం రాస్తూనే ఉండేవారు.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, ఆయన సెలవులో ఉన్నప్పుడు, జరగాల్సింది జరిగింది. ఆలస్యమైన విమానాలన్నీ ఒక్కసారి కదిలాయి. కొత్తమ్మాయి ఒక మైకులో దిగబోతున్న విమానానికి గాలి సంగతి చెప్పింది. వెంటనే రెండో మైకులో, రన్‌వే వైపు వస్తున్న విమానాన్ని ఆగమంది. చెవిలో “సరే” అని వినపడింది. నంబరు లేదు. నేలమీది పైలటే అనుకుని మూడో విమానం వైపు తిరిగింది.

ఆ సరే గాల్లో ఉన్నాయనది. నేలమీదున్న పైలట్ తన పక్కవాడితో జాబితా సరిచూసుకుంటూ ఆగమన్న మాటే వినలేదు. ఆ రెండు విమానాలూ చెరో చానల్లో ఉండటంతో ఒకరి మాట ఒకరికి తెలిసే వీల్లేదు. ఆమె తల తిప్పేసరికి ఆ విమానం ముక్కు, ఆగాల్సిన పసుపు గీత దాటేసింది. దిగుతున్నదాన్ని పైకి లేపెయ్యమంది. అది నేలమీది విమానం మీదుగా వెళ్ళిపోయింది. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు.

మర్నాడే లైసెన్సు తీసేసుకున్నారు. విచారణలో తప్పు ఆమెదని తేలితే ఇక మైకు ముట్టుకునే యోగం లేదు, సామాన్ల గదిలో రిజిస్టరు రాసుకోవాలి. ఆమెకి ఈ పని తప్ప ఇంకోటి రాదు, ఇష్టమూ లేదు.

ఆ భవనంలో పైవాళ్ళంతా కింది అంతస్తులోనే ఉండేవారు. విచారణ అక్కడే. ముగ్గురు పెద్దలు, ఆనాటి మైకు మాటలు రికార్డైన ఒక టేపు. మూడుసార్లు వేసి వినిపించారు.

“ఆ సరే ఎవరిదని ఎందుకు అడగలేదమ్మా? రెండు సెకన్ల పని కదా” అన్నారు మధ్యలో కూర్చున్న పెద్ద.

ఆ రెండు సెకన్లు ఎక్కడినుంచి తేవాలో చెప్పడం ఆమెకి చేతకాలేదు.

షిఫ్టు పెద్దగా సాక్ష్యం చెప్పడానికి తిరుగుటపా గారు సంచీతో లోపలికి వచ్చారు. అయిపోయింది నా పని అనుకుంది కొత్తమ్మాయి.

“ఆవిడ గురించి మీరేమంటారు?” అని అడిగారు పెద్ద.

“ఆవిడ తప్పు చేసింది. అడగాల్సింది” అన్నారాయన. ఆయన సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్లమీద పెట్టారు. “ఇప్పుడు మీ సంగతి. అయిదేళ్ళలో నేను రాసిన ఉత్తరాలు యాభై ఎనిమిది. మీ జవాబులు యాభై ఎనిమిది. అన్నిట్లోనూ ఒకటే ముక్క, ‘గమనించాము’ అని. కింద సంతకం మీది.”

“అవును, గమనించాం.”

“ఏం గమనించారు? నేనేం రాశానో చెప్పండి.”

పెద్ద పక్కాయన వైపు చూశారు. పక్కాయన టేపు వైపు చూశారు.

“ఏదో... సిబ్బంది విషయం కదా?” అన్నారు పెద్ద.

“అమ్మాయ్, పైది తీసి నువ్వు చదువు.”

ఆమె చదివింది. ‘ఈ అమ్మాయి గంటలో నలభై విమానాలతో రెండు మైకుల్లో మాట్లాడుతోంది. మా అందరిలోకీ సమర్థురాలు కాబట్టి ఇంతవరకు గండం గడుస్తోంది. ఒకరోజు ఏ సరే ఎవరిదో ఆమెకి తెలియకుండా పోతుంది. ఆ రోజు ఆమెని శిక్షించకండి, రెండో కుర్చీలో మనిషిని వెయ్యండి.’ తేదీ చూస్తే దాదాపు అయిదేళ్ళ కిందటిది. తర్వాతది తీసింది. అదే మాట, అంకెలు మాత్రం పెరిగాయి. ఈ మనిషినా తను ఇన్నేళ్ళు క్యాంటీన్‌లో అనుకరించి నవ్వించింది అని ఆమెకి సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది కానీ ఆ ముగ్గురి ముందు ఏడవబుద్ధి కాలేదు.

తీర్పు పెద్దల తీరుకి తగ్గట్టే వచ్చింది. కొత్తమ్మాయికి హెచ్చరిక, నెల తర్వాత లైసెన్సు వాపసు. పెద్దలు తమను తాము ఏమీ అనుకోలేదు. విచారణ సంఘాన్నే ప్రశ్నలడిగినందుకు తిరుగుటపా గారికి మెమో ఇచ్చి, రిటైరవడానికి ఏడాది ఉందనగా షిఫ్టు పెద్ద హోదా తీసేశారు. కొత్త మనిషిని వేసే ఖర్చు లేకుండా ఆయన్నే తెచ్చి రెండో కుర్చీలో కూలేశారు. ఒక్క దెబ్బకి రెండు ఫైళ్ళు మూసేశామని కింది అంతస్తు మురిసిపోయింది.

ఆమె మళ్ళీ డ్యూటీ ఎక్కిన రోజున ఆయన గొడుగులు తీసి మూలన నిలబెట్టి, కుర్చీ తుడుస్తున్నారు. సంచీలోంచి ఒక దిండు తీసి వేసుకున్నారు.

“సార్, నా మూలంగా మీకు...”

“నీ మూలంగా ఏంటమ్మా, అయిదేళ్ళుగా మనిషిని వెయ్యమని పోరుతున్నా. ఎలాంటి మనిషో రాయలేదు, ఆ తప్పు నాదే.”

“దిండెక్కడిది?”

“మా ఆవిడ కుట్టింది. నేను విచారణకి వెళ్ళిన రోజునే మొదలుపెట్టింది. నా గురించి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.”

కొత్తమ్మాయి నవ్వింది. ఈసారి ఎవర్నీ అనుకరించకుండా. తర్వాత గాల్లో విమానాల మైకు తన ముందుకి లాక్కుంది. నేలమీది మైకు ఆయన తీసుకున్నారు. మొదటి గంటలో నలభైమూడు విమానాలు వచ్చాయి, పోయాయి. ఆమె తన వైపు వాటితో మాట్లాడి, మధ్యలో కాసిని మంచినీళ్ళు కూడా తాగింది.