కలాయి వేసిన మజ్జిగ గిన్నె

నా చిన్నప్పుడు మా ఇంట్లో మజ్జిగకు లోటు లేదు, పనికే లోటు. మా నాయిన ఇత్తడి గిన్నెల లోపల తగరం పూసి కలాయి వేసేవాడు. కొల్లాపూర్ దిక్కు పల్లె వదిలి, బర్రెను కూడా తోలుకుని జడ్చర్లకు వచ్చాం. ఇత్తడి గిన్నె లేని ఇల్లు లేదు గానీ, ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పుట్టింటివాళ్లు పెట్టిన గిన్నెలు ఎవరు పెడతారు? ఎత్తుకుపోతేనో? కొలిమి తిత్తి అమ్మేసి కంకర కొట్టే పనికి పోతానని నాయిన అన్న రోజు అమ్మ ఏడ్చింది.

మా అవ్వ మాత్రం నన్ను పిలిచి, పక్కింటి పెద్దమ్మను అడిగి తోడుకు కాస్త మజ్జిగ తెమ్మంది. ఉట్టి మీద కుండెడు ఉంది కదా అంటే కసిరింది. గిన్నె తీసుకుపోబోతే అదీ లాక్కుంది. ఉత్త చేతులతో ఆ గడపలో నిలబడి సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. పెద్దమ్మ సంబరపడి, ఎవరి పిల్లవు, మీ నాయిన ఏం చేస్తాడు అని అన్నీ అడిగి, తన ఇత్తడి గిన్నెలోనే మజ్జిగ పోసి ఇచ్చింది.

ఆ గిన్నెకు కలాయి ఎప్పుడో పోయింది. అవ్వ దాన్ని ఖాళీ చేసి నాయిన ముందు పెట్టింది. సంగతి అర్థమై ఆయన చాలా రోజులకు నవ్వాడు. ఆయన కలాయి వేశాక తళతళలాడే ఆ గిన్నెలో బెల్లం ముక్క వేసి తిరిగిచ్చి వచ్చాను.

మర్నాడు పెద్దమ్మ గంపెడు గిన్నెలతో వచ్చింది, వెంట వాళ్ల చెల్లెలు. అవ్వ నన్ను వీధిలో తక్కిన ఇళ్లకూ పంపింది. ఆ వారమంతా ఇంట్లో మజ్జిగే మజ్జిగ, తాగలేక బర్రె కుడితిలో కలిపాం. కొన్నాళ్లకు పెద్దమ్మ కూతురి అత్తగారి ఊరి నుంచీ బండి మీద గిన్నెలు దిగాయి. తిత్తి అమ్మే మాట మళ్లీ రాలేదు.

మనమే ఏదైనా ఇచ్చి మంచి చేసుకోవచ్చు కదా, ఎందుకు అడుక్కున్నాం అని అవ్వను నిలదీశాను.

"మనం ముందుగాల ఇస్తె, ఏం ఆశపడి ఇచ్చిండ్రో అని చూస్తరు బిడ్డా. అడిగితె, గా పిల్ల మా ఇంటి మజ్జిగ తాగింది, మనోళ్లే అనుకుంటరు" అంది.

పెళ్లయ్యాక నల్లగొండలో గాజుల కొట్టు పెట్టిన మొదటి రోజు నేను ఎవరినీ కొనమని పిలవలేదు. మంచినీళ్లు తెచ్చుకుంటాను, జర నా కొట్టు చూడమని పక్క కొట్టు అక్కను అడిగాను. ఇప్పటికీ ఎక్కడికి వెళ్లినా ముందు ఎవరినో ఒకరిని చిన్న సాయం అడుగుతాను. ఆ రోజు బిందె నింపుకుని వచ్చేసరికి ఆ అక్క నా గాజులు ముందేసుకుని, అది తన కొట్టే అన్నట్టు నలుగురు ఆడవాళ్లతో బేరం చేస్తోంది.