అడిగితే చూపని కండ

ఆ రోజుల్లో కర్నూలు స్టేషను దగ్గర మా ఇంటిపేరు చెబితే చాలు, జట్కావాళ్లు వీధి పేరు అడిగేవారు కాదని మా అవ్వ చెప్పేది. మా ముత్తాతను పత్తికొండ వైపు తొమ్మిదూళ్ల దొర అనేవారు. ఆయన ఒకరి కోసం కుర్చీలోంచి లేవడం చూసినవాళ్లు తక్కువ. ఆయన కొడుకు, అంటే మా తాత, పగిడీ దొర. పాతబస్తీ తాలీంఖానాలో కసరత్తు చేసే కుర్రవాళ్లలో మేటికి ఇవ్వమని ఆయన ఒక పెద్ద వెండి కప్పు చేయించి, దాని మీద తన పేరు చెక్కించి ఇచ్చాడు. గెలిచినవాడు ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకుని మళ్లీ తెచ్చివ్వాలి. కాలం గడిచి తాలీంఖానా జిమ్ము అయింది, కుస్తీలు పోయి బాడీబిల్డింగ్ పోటీలు వచ్చాయి. కప్పు మాత్రం అదే. దాన్ని గెలిచినవాడి చేతికి మా ఇంటి మగమనిషే అందించాలన్న ఆనవాయితీ కూడా అదే.

నేను పెరిగేనాటికి తొమ్మిదూళ్లలో మాకు ఒక్క ఊరూ లేదు. మా పేరు బయట కనిపించే చోటు ఆ కప్పొక్కటే. అదేమో ఏటా ఎవరి ఇంటికో పోయేది. మా నాయన ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్లి, దాన్ని ఎవరి చేతుల్లోనో పెట్టి, నిటారుగా నడిచి ఇంటికి వచ్చేవాడు. డిగ్రీ చదువుతుండగా నేనొక నిర్ణయానికి వచ్చాను. ఒక్క ఏడాదైనా ఆ కప్పు మా ఇంట్లో ఉండాలి.

"ఇచ్చిన వస్తువును మళ్ల తెచ్చుకుంటారేమిరా యాడన్నా?" అన్నాడు నాయన.

"తెచ్చుకునేది కాదు నాయనా, గెలుచుకోనొస్తా."

"గోచీ కట్టుకోని పదిమందిలో నిలబడి గెలుస్తావా? మీ తాత పగిడీ తీసి నిద్ర కూడా పోలేదు." (ఇది నిజం కాదని అవ్వ తరవాత నాతో ఒంటరిగా చెప్పింది.)

జిమ్ము నడిపే ఉస్తాదు నన్ను చిన్నదొరా అని పిలిచేవాడు, ఆ నోటితోనే తిట్టేవాడు. ఆయన చేతి కింద రెండేళ్లు బరువులెత్తాను. గుడ్లు, ఉడికించిన శనగలు, పొట్టేలి మాంసం తిన్నాను. ఒళ్లు వచ్చింది. ఉస్తాదు నా భుజం తట్టి, "మాల్ ఉండాది చిన్నదొరా. చూపిచ్చేదే రాదు నీకు," అనేవాడు. పోటీ దగ్గర పడ్డాక ఒకరోజు కూర్చోబెట్టి అంతా వివరించాడు.

"ఐదుమంది జడ్జీలు కూచ్చోనుంటారు. వాళ్లకు నీ ఇంటిపేరు తెల్దు, నంబరొక్కటే తెల్సు. మొదట అందరినీ వరసలో నిలబెట్టి నాలుగు పక్కలా తిప్పుతారు. నడుముకు పైన ఉండేదానికి, కింద ఉండేదానికి పొంతన కుదిరిందా లేదా అని చూస్తారు. దాని తర్వాత ఇద్దరిద్దరిని పక్కపక్కన పెట్టి, చేతులు చూపిచ్చు, రొమ్ము చూపిచ్చు, వీపు చూపిచ్చు అంటారు. బిగబట్టి చూపిచ్చినోనిదే మార్కు. కడాకు పాట పెడతారు, అప్పుడు నీ ఇష్టం. ఒకాయన ఏసింది ఇంకొకాయన చూడడు. అందరికన్నా ఎక్కువేసినోనిదీ, తక్కువేసినోనిదీ తీసేసి మిగిలిందే లెక్క."

"బిగించకపోతే?"

"దాచుకున్న కండకు మార్కు లేదప్పా. జడ్జీలేమన్నా ఎక్స్‌రే మిషన్లా?"

ఈ పద్ధతి నాకు నచ్చలేదు. ఉన్నదాన్ని తీసి చూపడం మా ఇంట లేదు. పెళ్లిళ్లలో కొత్తగా కలిగినవాళ్ల ఆడవాళ్లు మాటిమాటికీ గాజులు సర్దుకునేవారు, మా అవ్వ చేతులు మాత్రం కొంగు కిందే ఉండేవి. (అప్పటికి ఆ చేతులకు బంగారు గాజులు లేవన్నది వేరే సంగతి.) చూడగలిగినవాడు తనే చూస్తాడని నమ్మి పెరిగినవాణ్ని. నడవాలో వేలాడే ఫోటోలో మా తాత ఎలా నిలబడ్డాడో, అలాగే నిలబడదామనుకున్నాను.

పోటీనాడు ఉస్తాదు బ్రష్షుతో నా ఒంటికంతా నల్లటి రంగు పూశాడు. లైట్ల కింద కండ గీతలు తెలియడానికి అందరూ పూసుకుంటారట. యుద్ధానికి కవచం లాంటిదని మనసుకు చెప్పుకుని ఒప్పుకున్నాను. నా పక్కన రంగు పూయించుకుంటున్నవాడు పోయినేటి విజేత. కల్లూరులో ఇనుప గేట్లు చేసే షాపులో పని, అందరూ గేటోడు అనేవారు.

"మీ తాత కప్పును మా ఇంట్లో టీవీ మీద పెట్టినాము చిన్నదొరా," అన్నాడు వాడు, ఏ దురుద్దేశమూ లేకుండా. "మా యమ్మ దాంట్లో ప్లాస్టిక్ పూలు పెట్టింది. శానా బాగుండాది."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

కప్పుకు పోటీ పడేది నలుగురం. మొదట వరసలో నిలబెట్టినప్పుడు నాకు ఇబ్బంది రాలేదు, నిలబడడం నాకు వచ్చిన విద్యే. కడప నుంచి వచ్చిన కళ్లద్దాల జడ్జీ పెన్ను ఆపి నన్నే చూడడం గమనించాను. తరవాత గేటోణ్ని నా పక్కన నిలబెట్టారు. చేతులు చూపమనగానే వాడు రెండు చేతులూ ఎత్తి బిగించాడు. ఈలలు పడ్డాయి. నా చేతులు తొడల పక్కనే ఉన్నాయి.

"మూడో నంబర్! చేతులు చూపిచ్చు!" అన్నాడు కళ్లద్దాలాయన.

"కనపడతాండాయి కదా సార్," అన్నాను.

"యాడ కనపడతాండాయప్పా? వేలాడతాండాయి!"

హాలంతా నవ్వింది. తెర వెనక నుంచి ఉస్తాదు గొంతు వినిపించింది. "చిన్నదొరా, బిగియ్! నీ కాళ్లు మొక్కుతా, బిగియ్!" నేను బిగించలేదు. పాట వంతు వచ్చింది. మిగతావాళ్లు పాటకు తగ్గట్టు ఒంగి లేచి తిరిగారు. నేను నాదస్వరం పెట్టించుకుని, అది అయిపోయేదాకా నిలబడ్డాను. మధ్యలో ఒకసారి తల కుడివైపు తిప్పాను. ఫోటోలో మా తాత తల అలాగే ఉంటుంది. "ఈయప్పకు కరెంటు పోయినట్టుండాదే," అన్నారెవరో ముందు వరసలో.

నలుగురిలో నాలుగోవాణ్ని అయ్యాను. ఐదుగురు జడ్జీలూ నన్ను నాలుగో స్థానంలోనే వేశారు కనుక, తీసేయడానికి ఎక్కువా తక్కువా కూడా దొరకలేదు.

గేటోడే మళ్లీ గెలిచాడు. కప్పు ఇచ్చిన దాత వంశీకులు వేదిక మీదికి రావాలని మైకులో పిలిచారు. నేను గోచీతో నిలబడే చోటికి రానని నాయన ఇంట్లోనే ఉండిపోయాడు. రెండోసారి పిలిచారు. ఉస్తాదు నా వీపు మీద చెయ్యి వేసి, "నువ్వే గదప్పా వంశం, పో," అన్నాడు. నల్లరంగుతో, నడుముకు నంబరు బిళ్లతో, చివరివాణ్ని మొదటివాడికి బహుమానం ఇవ్వడానికి వెళ్లాను.

ఆ కప్పును నేనెప్పుడూ ఎత్తలేదు. అంత బరువుంటుందని తెలియదు. రెండు చేతులూ చాచి గేటోడి ముందు పట్టుకున్నాను. వాడి చేతులకు నూనె, కప్పు జారుతుందేమోనని తుండుగుడ్డ కోసం వెతుక్కుంటున్నాడు. నేను ఊపిరి బిగబట్టి అలాగే పట్టుకుని ఉన్నాను. ఉన్నట్టుండి ఈలలు మొదలయ్యాయి. కళ్లద్దాల జడ్జీ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"అప్పా, మూడో నంబర్! ఇప్పుడు చూపిస్తాండావు గదా! ఆ భుజాలు, ఆ తొడలు... ఇంతసేపు యాడ పెట్టుకోనుంటివి?"

"సార్, మార్కులు..." అంటూ ఉస్తాదు పరిగెత్తుకొచ్చాడు.

"అయిపోయ ఉస్తాద్. దించేయమను పాపం, చేతులు వణుకుతాండాయి."

గేటోడు చేతులు తుడుచుకుని వచ్చి, కప్పు పట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "ఈ చేతులు ముందే ఎత్తింటే ఇది మీ ఇంటికే పోతాండె చిన్నదొరా."

"తీసుకో," అన్నాను.

ఇంటికి పోయాక నాయన ఫలితం అడగలేదు. "సక్కగ ఇస్తివా?" అని మాత్రం అడిగాడు. రెండు చేతులతో ఇచ్చానన్నాను. తల ఊపాడు.

ఆనాటి ఫోటో ఒకటి ఉస్తాదు నాకు ఇచ్చాడు. అందులో ఒక నల్లటి కుర్రవాడు, మా ఇంట ఎన్నడూ లేనంత కండతో, తన తాత పేరును పరాయివాడికి అందిస్తున్నాడు. ముఖంలో నవ్వు లేదు. వాణ్ని చూస్తే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. వాడి బదులు నవ్వుతున్నాననుకుంటాను, వీపు నిటారుగా పెట్టుకునే.

ఆ రెండేళ్ల గుడ్లకూ మాంసానికీ మా నాయన వీధివాకిలి టేకు తలుపులు అమ్మాడు. గండికోట దగ్గర ఒక రిసార్టువాళ్లు కొన్నారు.