మసీదు ముందు ఆగిన మేళం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోతుంటే, దారిలో ఒక ఊళ్లో మా బస్సు ఆగిపోయింది. మసీదు ముందు స్వామి పల్లకి నిలిచి ఉంది. మేళం ఆపాలని కొందరు, ఆపేది లేదని కొందరు కర్రలు పట్టుకున్నారు. నాదస్వరం ఊదే పెద్దాయన దూదేకుల సాయిబు. స్వామి మేళానికి సాయిబేమిటని కోస్తావాణ్ణైన నేను తెల్లబోయాను.

ఆయన నాదస్వరాన్ని పూజారి చేతిలో పెట్టాడు.

"నమాజు చేసుకోని వస్తా. మీ సామికి లేని తొందర మీకేందప్పా?"

మేళం లేనిదే స్వామి కదలడు. అందరూ ఆగాల్సి వచ్చింది.

ఆయన తిరిగొచ్చాడు. పూజారి నాదస్వరాన్ని కళ్లకద్దుకుని ఇచ్చాడు.

"నమాజు అయిపాయ. ఇంగ వాయిస్తాండా. ఆపేటోళ్లు ఎవరో ముందుకు రాండి!"

రెండు పక్కలా ఒక్కడూ కదల్లేదు. పల్లకి కదిలింది.